అక్క వేలు, నా పేరు

నేను పడిపోయిన సంగతి మా వాడలో అందరికీ తెలుసు. ఎందుకు పడిపోయానో తెలిసినవాళ్లు తక్కువ. ఎవరైనా అడిగితే "సుగర్ డౌన్ అయింది" అని చెప్పి మాట మారుస్తుంటాను. అది అబద్ధమేమీ కాదు, అలాగని అంతటితో అయిపోయే సంగతీ కాదు. ఇప్పుడు ఒళ్లు కుదుటపడింది. మనసే ఇంకా కుదుటపడలేదు. రాసుకుంటే కాస్త తేలికపడతానేమోనని ఒక ఆశ. చదివేవాళ్లలో నాలాంటి తెలివిగలవాళ్లు ఒకరిద్దరున్నా, నేను చేసిన పని చేయకుండా ఆగుతారేమోనని ఇంకో ఆశ.

దసరా దాటాక

ఆర్మూరులో మార్కెట్‌కు పోయే దారిలో నాకొక చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. జిరాక్సులు తీస్తాను, రైతుల దరఖాస్తులు నింపుతాను. వేలిముద్ర ఎవరిదో వాళ్లే వేయాలని, ఒకరి నంబరు ఇంకొకరికి పెట్టకూడదని పొద్దస్తమానం గొంతు చించుకుంటాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారు చూడండి, ఆ బాపతు.

మా ఆయన రాజన్న, మా బావ గంగారాం కలిసి జక్రాన్‌పల్లి దగ్గర పొలంలో పసుపు పండిస్తారు. పిల్లలు నిజామాబాద్ హాస్టళ్లలో ఉంటారు. రెండు జంటలకూ ఒకటే ఇల్లు, ఒకటే వంట. బావ భార్య, అంటే నా తోటికోడలు, గంగమణి అక్క. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా జావ కాచి తాగించేది ఆమే. ఆమెకు జ్వరమొచ్చినట్టు మాత్రం నాకు గుర్తు లేదు. వచ్చే ఉంటుంది. మేమే చూసి ఉండం.

సుగర్ ఉన్నది నాకు. మా బస్తీ దవాఖానలో నెలనెలా గోలీలు ఇస్తారు. అంతకుముందున్న సిస్టరమ్మకు వాడలో అందరి ముఖాలూ తెలుసు. ఆమె బదిలీ మీద పోయాక స్వరూప అనే చిన్నపిల్ల వచ్చింది, ఆమెతో పాటే ట్యాబ్ కూడా వచ్చింది. ఫోన్ నంబరు చెబితే, ఆ నంబరు కింద రాయించుకున్న ఇంటివాళ్ల పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. పేరు నొక్కుతారు, వేలికి సూది గుచ్చుతారు, మిషన్ చూపించిన అంకెను ఆ పేరు కింద ఎక్కిస్తారు. అంకె ఎక్కితేనే గోలీలు. మా ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్క నంబరే ఇచ్చాం, నాది. మా దగ్గర చాలా ఇళ్లలో అంతే.

చిక్కల్లా మనిషి పోయి కూర్చోవాలి. పొద్దున పోతే మధ్యాహ్నం అవుతుంది. సెంటర్ మూసుకుని పోవాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. ఒకనాడు కూరగాయలకు బయల్దేరుతున్న అక్కను ఆపాను.

"అక్కా, జర నా గోలీలు తెస్తవా? నేను పోయి గాడ కూసుంటే గిరాకంత పక్క దుకాణంకు పోతది."

"నేను వోతే ఇస్తరానే? నిన్ను సూడాలె కదా వాళ్లు."

"కొత్త సిస్టర్‌కు నా మొఖం ఎర్కలేదు, నీ మొఖం ఎర్కలేదు. నా నంబర్ చెప్పు, పేరు సుజాత అని చెప్పు. వేలికి సూది గుచ్చుతది, గంతే."

"నాకు సుగర్ లేకపాయె. అంకె మంచిగొస్తే గోలీలు బంద్ వెడితే ఎట్ల?"

"మంచిగొస్తే గవే గోలీలు నడిపిస్తరు. నీకేం రోగమున్నది అక్కా? నీది మంచిగనే వస్తది."

నీకేం రోగమున్నది. ఎంత సులువుగా అనేశాను ఆ మాట! ఏ పరీక్షా లేకుండా, ఆమె ముఖం వంక సరిగ్గా చూడనైనా చూడకుండా.

అక్క పోయింది, తెచ్చింది. తర్వాతి నెలా ఆమే పోయింది, ఆ తర్వాతా ఆమే. "జర తీపి తగ్గించుమన్నది బిడ్డ" అని ఒకసారి అంటే, "గది అందరికి చెప్పే మాటనే" అని నవ్వేశాను. ఇంకోసారి గోలీల అట్ట రంగు మారింది. దవాఖాన గోలీలకు రంగులు మారడం మామూలే కనుక పట్టించుకోలేదు. "పొద్దుగాల ఒకటి, మాపటీలి ఒకటి వేస్కొమ్మన్నరు" అంది అక్క. అంతకుముందు పొద్దున ఒకటే ఉండేది. నేనప్పుడు ఎవరిదో ఓటీపీ కోసం ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. "సరే అక్కా" అన్నాను. ఆ రాత్రి నుంచి రెండు పూటలా మింగాను.

దవాఖాన నుంచి వచ్చినప్పుడల్లా నా ఫోన్‌కు ఒక కాల్ వచ్చేది. రికార్డు చేసిన గొంతు. సేవలు బాగున్నాయనుకుంటే ఒకటి నొక్కండి, బాగాలేవనుకుంటే రెండు నొక్కండి అని. పూర్తిగా వినకుండానే ఒకటి నొక్కేదాన్ని. నేను గడప తొక్కని దవాఖానకు నేనే మంచి మార్కులు వేస్తూ పోయాను.

శివరాత్రి

పసుపు తవ్వకం మొదలయ్యాక ఇంట్లో ఎవరికీ ఎవరినీ పలకరించే తీరిక లేదు. తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబోసుడు. అక్క పొలంలోనే ఉండేది, నెలకోనాడు మాత్రం నా గోలీలకు పోయి వచ్చేది. నాకేమో ఒంట్లో ఏదో తేడాగా ఉండేది. ఉన్నట్టుండి చేతులు వణికేవి. చెమటలు పట్టేవి. ఆకలి మంటలా లేచేది, దాంతోపాటే కోపమూ లేచేది. సుగర్ పెరిగినట్టుందని గోలీలు ఒక్కటీ మానకుండా ఇంకా బుద్ధిగా మింగాను.

శివరాత్రినాడు ఒక్కపొద్దు ఉన్నాను. పొద్దున గోలీ మాత్రం వేసుకున్నాను. మధ్యాహ్నం ఏర్గట్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆధార్ జిరాక్స్ మరిచిపోయి వచ్చాడు. "ఎన్నిసార్లు చెప్పాలె మీకు, చదువుకోకపోతే చెవులన్నా ఉండాలె కదా" అని ఆయన మీద అరిచాను. అరుస్తుండగానే కంప్యూటర్ మీద అక్షరాలు రెండుగా కనిపించాయి. తర్వాత కౌంటర్ చెక్క చల్లగా చెంపకు తగలడం గుర్తుంది. ఎవరో "అమ్మా, అమ్మా" అనడం గుర్తుంది.

ఆ "అమ్మా" అన్నది ఆ పెద్దాయనే. కళ్లు తెరిచినప్పుడు పక్కదుకాణం నుంచి తెచ్చిన చాయ్ నా నోటికి పట్టిస్తున్నాడు. "చక్కెర బాగేయించిన, తాగు బిడ్డా. ఒక్కపొద్దు వోతే పోనీయ్, దేవుడేమనుకోడు" అన్నాడు. ఆటో పిలిచి ఊళ్లోని ప్రైవేట్ దవాఖానకు తెచ్చాడు. మా వాళ్లు పొలం నుంచి వచ్చేదాకా బయట బెంచీ మీద నా చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. ఆయన పేరు కూడా నేను అడగలేదు. ఆయన దరఖాస్తు ఆ రోజు పూర్తి కాలేదని మాత్రం తర్వాత గుర్తొచ్చింది.

సెలైన్ పెట్టారు, పరీక్షలు చేశారు. మర్నాడు డాక్టర్ మా బస్తీ దవాఖాన వివరాలన్నీ ఫోన్‌లో తెప్పించి చూసుకున్నాడు. నా మంచం దగ్గర మా ఆయన, బావ, అక్క ముగ్గురూ ఉన్నారు.

"చిత్రంగా ఉందమ్మా" అన్నాడు డాక్టర్. "ఇందులో నెలనెలా నీ సుగర్ పెరుగుతూ పోయింది. అందుకే వాళ్లు డోసు పెంచారు, అందులో తప్పులేదు. కానీ నీ రక్తం చూస్తే గడిచిన మూడు నెలల్లో అంత సుగర్ ఎప్పుడూ లేదు. మరి ఈ అంకెలు ఎక్కడివి?"

అవి ఎవరివో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అక్క నా కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు నొక్కుతోంది. నెలనెలా పెరుగుతూ పోయిన సుగర్ ఆమెది. ఆమె రోగానికి ఇచ్చిన మందు నేను తిన్నాను. ఆమె మాత్రం మందు లేకుండా పసుపు తవ్వింది. అంతా తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. "ఏమో సార్" అన్నాను.

నాకంటే ముందు మా ఆయన రేగిపోయాడు. "ఏముంది సార్, దవాఖానోళ్లు ఎవరియో అంకెలు ఎక్కిచ్చిండ్రు. గోలీలు ఎక్కువిచ్చి నా పెండ్లాన్ని సంపవోయిండ్రు!" బావ కూడా తోడయ్యాడు. అదేం విధో, సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. ఆ నెల గోలీల తాలూకు, అదే రికార్డు గొంతు. మా ఆయన లాక్కుని రెండు నొక్కాడు. తర్వాత మనిషి లైన్లోకి వస్తే స్వరూప పేరు చెప్పి, నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

హోలీ ముందు

ఇంటికొచ్చాను. పాత డోసు వేసుకుంటే చాలన్నారు. ఒంటికి బాగానే ఉంది. పగలు పడుకుని తినడమే పని. ఆ పడుకోవడంలోనే అక్క నడక చూశాను. ఎడమ కాలు ఈడుస్తోంది.

"ఏమైందక్కా కాలుకు?"

"తవ్వకంల పసుపు మోడు గుచ్చుకున్నదే. పుండు జర మానుతలేదు. గింత పసుపు, గింత కొబ్బరినూనె పెడుతున్న. నొప్పి కూడ లేదు."

నొప్పి లేదంటే మంచిదే అనుకుంది ఆమె. నేను అలా అనుకోలేదు. సుగర్ ముదిరితే కాలి పుండు నొప్పి కూడా తెలియదని దవాఖాన గోడ మీద బొమ్మలతో సహా రాసి ఉంటుంది, ఒకప్పుడు నేనే అక్కడ కూర్చుని చదివాను. ఆ సాయంత్రమే చెప్పాలనుకున్నాను. అక్కా, నీకు సుగర్ ఉంది, పద పోదాం. ఇంత చిన్న మాట.

చెప్పలేదు. ఎందుకంటే ఆ మాట చెబితే, దాని వెనకే మిగతాదంతా చెప్పాలి. మా ఆయన ఊరంతా తిరిగి దవాఖానను తిట్టి వచ్చాడు. బావ వాడ పెద్దలకు చెప్పాడు. స్వరూపకు పై ఆఫీసు నుంచి నోటీసు వచ్చిందని, కాంట్రాక్టు ఉద్యోగం కనుక తీసేస్తారని అంటున్నారు. వీటన్నిటి మధ్యలో నేను లేచి "మోసం చేసింది నేనే" అనాలి. పదిమందికి నీతులు చెప్పి బతికే ఆన్‌లైన్ సెంటర్ సుజాత అనాలి ఆ మాట. తేలు కుట్టిన దొంగలా పడి ఉన్నాను. పసుపు పాలిష్ అయ్యాక చెబుదాం అనుకున్నాను. మార్కెట్‌కు పోయి వచ్చాక చెబుదాం అనుకున్నాను. రోజూ ఒక సాకు దొరికింది. రోజూ అక్క అదే కాలుతో నా మంచం దగ్గరికి జావ తెచ్చింది.

దీన్ని నేను మరుపు అనలేను, తెలియక చేశాననలేను. నా పరువుకూ ఆమె కాలుకూ మధ్య రోజూ ఒకటి ఎంచుకున్నాను. రోజూ నా పరువునే ఎంచుకున్నాను.

హోలీ ఇంకో రెండు రోజులుందనగా పొద్దుటి పూట గేటు చప్పుడైంది. దవాఖాన సంచి భుజానికి తగిలించుకుని స్వరూప నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. మా ఆయన అడ్డం పోయాడు.

"ఇంక ఏం చేద్దామని వచ్చినవ్?"

"అన్నా, తిట్టుండ్రి, వడతా. ఉద్యోగం గురించి రాలె. సుజాతమ్మకు ఎట్లున్నదో ఒక్కసారి సూసి పోతా. నా చేతితోని గుచ్చిన, నేనే ఎక్కిచ్చిన, తప్పు ఏడ జరిగిందో నాకు సమజైతలేదు."

నేను అరుగు మీద కుర్చీలోనే ఉన్నాను. ఆమె నా వైపు చూసి, ఎవరో చుట్టాలావిడ అనుకుని, చూపు తిప్పేసుకుంది. అప్పుడే లోపలి నుంచి గంగమణి అక్క మంచినీళ్ల చెంబుతో బయటికి వచ్చింది. స్వరూప ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"సుజాతమ్మా! లేచి తిరుగుతున్నవా? దేవుని దయ! నీకేమన్నైతదని నాకు రాత్రులు నిద్ర లేదమ్మా!"

అని వెళ్లి అక్క రెండు చేతులూ పట్టుకుంది.

మా ఆయన "సుజాత ఈమె" అని నన్ను చూపించాడు. తర్వాత ఆ చేయి అలాగే ఉండగానే ఆయనకు అర్థమవడం నేను చూశాను. చెంబులో నీళ్లు ఒలికాయి. అక్క నా వైపు చూసింది, నిజం చెప్పాలా వద్దా అని నన్నే అడుగుతున్నట్టు చూసింది. అప్పటికీ నన్ను కాపాడటానికే చూస్తోంది. నేను తల దించుకున్నాను. నేను చెప్పానని ఇప్పుడు రాసుకోవాలని ఎంత ఉన్నా, నేను చెప్పలేదు. బయటపడింది, అంతే.

స్వరూపకు కోపం రావాలి. వచ్చే ఉంటుంది. కానీ ఆమె కళ్లు అప్పటికే కింద అక్క పాదం మీద ఉన్నాయి. "కూసో అమ్మా" అని కూర్చోబెట్టి, పసుపు ముద్ద తుడిచి చూసింది. సంచిలోంచి మిషన్ తీసి అక్క వేలికి గుచ్చింది. ఈసారి అంకె రాలేదు. అంకెలు చాలనంత సుగర్ ఉంటే ఆ మిషన్ రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపిస్తుందట. అవి వచ్చాయి.

"అన్నా, బండి తియ్యుండ్రి. ఆర్మూరుల కాదు, సీదా నిజామాబాద్ పోవాలె" అంది స్వరూప. "నేను కూడ వస్తా."

ఉగాది

నిజామాబాద్ దవాఖాన వెయిటింగ్ హాలులో ఇనుప కుర్చీలు. బావ ఒక చివర, నేను ఇంకో చివర. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మా ఆయన మాత్రం ఒక్కసారి అన్నాడు, "నాతోని అన్నా చెప్పకపోతివి కదనే. గా పిల్లను నానా మాటలన్న నేను." ఆ తర్వాత వారం దాకా నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు. ఇంట్లో పసుపు బస్తాలు అలాగే ఉన్నాయి. మంచి ధర ఉన్న రోజులు దాటిపోతున్నా ఎవరూ వాటి ఊసెత్తలేదు.

అక్క ఎడమ కాలు చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. పాదం దక్కింది. "కొన్నాళ్లు ముందొస్తే వేళ్లు దక్కేవా సార్?" అని డాక్టర్‌ను చాటుకు పిలిచి అడిగాను. ఆయన, "దక్కొచ్చు, దక్కకపోవచ్చు. చెప్పలేమమ్మా" అన్నాడు. దక్కేవనైనా అనాల్సింది, దక్కేవి కావనైనా అనాల్సింది. ఆ "చెప్పలేం" నాతోనే ఉండిపోయింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ నిద్రలోంచి లేపి కూర్చోబెడుతుంది.

ఉగాది పచ్చడి నేనే చేసి డబ్బాలో తీసుకుపోయాను. అక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించి, "వేపపువ్వు దంచి పోసినవేందే, నాకు సుగర్ తగ్గాలనా?" అంది. పక్క మంచం వాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయి ఏడ్చాను. "ఊకో. నాకు మాత్రం ఎర్కనా? మిషన్ల అంకె నీ పేరు మీద ఎక్కింది కదా, నీదే అనుకున్న. నీకు పెరిగిందని నేను దేవునికి మొక్కిన కూడ" అంది. ఆ మాట నన్ను ఊరడించడానికే అంది. నాకు మాత్రం ముల్లులా ఇంకా లోపలికి దిగింది.

ఊరికి తిరిగొచ్చాక బస్తీ దవాఖానకు పోయి డాక్టరమ్మ ముందు మొత్తం చెప్పాను, పై ఆఫీసుకు రాసి సంతకం చేసిచ్చాను. స్వరూప ఉద్యోగం నిలిచింది. కానీ మా ఆయన నొక్కిన రెండు మాత్రం వెనక్కి తీసుకోవడానికి వీలు కాదట. అది నొక్కింది నొక్కినట్టే ఉంటుందట. ట్యాబ్‌లో నా పేరు కింద ఎక్కిన అంకెలు కూడా చెరగవు. వాటి పక్కన "ఇవి వేరొకరివి" అని ఒక గమనిక మాత్రం రాయించారు. ఏ నెలల్లో అక్క పోయిందో నేను చెబుతుంటే స్వరూప తల ఎత్తకుండా రాసుకుంది. చివర్లో మాత్రం, "నాది కూడ తప్పే అమ్మా. పేరు సూసిన గని మనిషిని సూడలె" అంది. ఆమె తప్పు ఎంతో, నాది ఎంతో ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పిల్ల కాస్త పంచుకుందామని చూసింది.

ఇప్పుడు

వానలు పడ్డాయి. కొత్త పసుపు విత్తారు. అక్క మెత్తని చెప్పులు వేసుకుని నెమ్మదిగా నడుస్తుంది. పొలానికి పోవడం లేదు, నేనే పోనివ్వడం లేదు. నెలకోసారి సెంటర్ మూసి ఇద్దరం కలిసి దవాఖానకు పోతాం. ఆమెకు వేరే నంబరు తీసుకున్నాం. నా కౌంటర్ మీద ఎవరైనా "మా వదిన బదులు నేను వేలిముద్ర వేస్తా" అంటే ఇప్పుడు అరవను. కూర్చోబెట్టి, నా సంగతి కొద్దిగా చెబుతాను. అందరూ వింటారని కాదు.

మొన్న పోయినప్పుడు వరసలో ముందు అక్కే ఉంది. స్వరూప ట్యాబ్ పట్టుకుని, "పేరు చెప్పమ్మా" అంది. తెలిసీ అడిగింది. ఇప్పుడు అందరినీ అలాగే అడుగుతోంది.

"సుజా..." అని అక్క నాలుక కరుచుకుంది. బెంచీ మీద వాళ్లంతా నవ్వారు. "గంగమణి, బిడ్డా, గంగమణి" అంది తనూ నవ్వుతూ. స్వరూప ఆమె ముఖం వంక ఒకసారి చూసి, పేరు నొక్కి, వేలు పట్టుకుని గుచ్చింది.

"అబ్బా!" అంది అక్క, చేయి వెనక్కి లాక్కుంటూ.

"గిన్ని నెలలు గుచ్చితే ఒక్కనాడు అబ్బా అనలేదేందమ్మా!" అంది స్వరూప.

అక్క వేలు నోట్లో పెట్టుకుని తీసి, నా వైపు చూసింది.

"అప్పుడు సుజాతకు గదా గుచ్చింది" అంది. "నాకెందుకు నొప్పి అయితది?"